సోషల్ సారు దారుల పుస్తకం

సోషల్ సారు పోయారని తాడిపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఊళ్ళో లేను. పెద్దకర్మ నాటికి మాత్రం చేరుకోగలిగాను. భోజనాలయ్యాక సారు కూతురు, మేమందరం అక్కా అని పిలిచే ఆమె, లోపలి గదిలోంచి కాలికో అట్ట వేసిన పాత లెడ్జర్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాయన నీకియ్యమన్నాడు రా. మర్చిపోతానేమో అని మళ్ళీ మళ్ళీ చెప్పినాడు" అంది.

బస్సులో కూర్చున్నాక తెరిచాను. చైన్‌కు వేసే ఆయిలూ, పంక్చర్ సొల్యూషనూ, పాత కాగితమూ కలిసిన వాసన గుప్పున కొట్టింది. అనంతపురం వచ్చేదాకా ఇంకే పని చేయలేకపోయాను.

మొదటి పేజీలో సారు గుండ్రటి అక్షరాల్లో 'దారుల పుస్తకం' అని ఉంది. కింద పేరు లేదు, తేదీ లేదు. తిప్పుకుంటూ పోతే ఇలా ఉంటుంది:

"కొలిమిగుండ్ల దారి. కల్వర్టు దాటినాక కుడిచేతి పక్క చింతచెట్టు, దాని కింద బావి. నీళ్ళు బాగుంటాయి. చేంతాడు ఉండదు, మనమే తీసుకుపోవాలి."

"ఇక్కడి నుంచి దిగుడు. ఎదురుగా రాళ్ళ లారీలు ఎక్కుతుంటాయి. సైకిల్ దిగి నడిపించుకొని పోవలె."

"రచ్చబండ దగ్గర ముసలాయన పంక్చర్ వేస్తాడు. డబ్బు తీసుకోడు. బీడీ కట్ట ఇవ్వవలె."

"ఊరి బయట గుడి. వసారాలో పడుకోవచ్చు. పూజారికి ముందే చెప్పాలి. కుక్కలు ఉన్నాయి."

పుస్తకమంతా ఇదే. వర్ణన అనేది ఒక్క ముక్క కనపడదు. గండికోట గురించి కూడా "ఎనిమిదిలోపల లోయ చూసుకోవాలి, తర్వాత బండ కాలుతుంది" అని రాసి ఊరుకున్నారు. అందం ఎవరి కళ్ళతో వాళ్ళు చూసుకుంటారు, నీళ్ళెక్కడున్నాయో మాత్రం ముందు పోయినవాడు చెప్పి తీరాలి అనేవారు సారు.

*

మా బడి గోడను ఆనుకునే భాయ్ సైకిల్ షాపు. రేకుల పందిరి, దూలానికి వేలాడే పాత టైర్లు, నీళ్ళు నింపిన ఇనుప తొట్టి. అద్దె సైకిళ్ళ వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నంబరు వేసి ఉండేది. గంటకు పావలా. నోటుబుక్కులో పేరూ, నాయన పేరూ, టైమూ రాసుకుని ఇచ్చేవాడు. కొత్తవాడికి ఇవ్వడు. తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి "మావాడే భాయ్" అనాలి.

నాకు ఆ షాపు శబ్దాలు ఇప్పటికీ ఒక్కొక్కటిగా విడివిడిగా గుర్తున్నాయి. గరుకు కాగితంతో ట్యూబును గీకే చప్పుడు, సొల్యూషన్ రాసి ఉఫ్ అని ఊదడం, ప్యాచ్ అంటించి సుత్తితో టపటపా కొట్టడం, వెనక చక్రాన్ని ఎత్తి ఒక్కసారి తిప్పితే ఫ్రీవీలు చేసే టిక్కుటిక్కులు. ట్యూబును తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందా అని పిల్లలందరం తలలు దూర్చి చూసేవాళ్ళం. భాయ్ కంటే ముందు కనిపెట్టినవాడికి ఆ పూట గొప్ప.

మా వైపు పంక్చర్లకు లోటే లేదు. చెనిక్కాయ చేలగట్ల మీద పల్లేరుకాయలు, రోడ్డు పక్కన సర్కారు తుమ్మ ముళ్ళు. పల్లేరుకాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. బయలుదేరే ముందు ప్రతి ఒక్కరూ టైరు మీద అరచేతితో నెమ్మదిగా రాసుకుని చూడాలన్నది సారు పెట్టిన మొదటి నియమం. దారిలో ఆగినప్పుడల్లా మళ్ళీ అదే పని.

*

ఇదంతా ఎలా మొదలైందంటే, ఒకరోజు క్లాసులో సారు పెన్నా నది పాఠం చెప్తున్నారు. నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప జిల్లాల మీదుగా పోయి నెల్లూరు అవతల సముద్రంలో కలుస్తుందని మ్యాపు మీద కర్రతో చూపిస్తున్నారు. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "సార్, పుస్తకంలో ఉండే పెన్నా, మన బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి పక్కనుండే పెన్నా ఒకటేనా సార్?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "ఆదివారం పోయి చూద్దాం. సైకిళ్ళు తెచ్చుకోండి" అన్నారు.

ఆ ఆదివారం నది వెంబడి ఎంత దూరం పోయామో నాకు తెలీదు. నదిలో నీళ్ళు లేవు, ఇసుకే. మధ్యలో చెలమలు తవ్వి ఆడవాళ్ళు బిందెలు నింపుకుంటున్నారు. "యాడికి పోతాండారప్పా ఇంతమంది?" అని ఒక అవ్వ అడిగితే, "సముద్రానికి అవ్వా" అన్నాడు మావాడు. క్లాసులో ఆ పెన్నా ప్రశ్న అడిగినవాడే. తర్వాత ఆర్టీసీలో డ్రైవరై రిటైరయ్యాడు.

వారం వారం మనుషులు పెరిగారు. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అన్న, బ్యాంకు గుమాస్తా ఒకాయన, భాయ్ పెద్దకొడుకు, పోస్ట్‌మ్యాన్ తమ్ముడు. రిజిస్ట్రేషన్, రసీదు పుస్తకం లాంటివేమీ ఉండేవి కావు. ఆదివారం తెల్లారుజామున నాలుగున్నరకు షాపు ముందు కలిసేవాళ్ళం. మూటలో జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, బెల్లం. నీళ్ళకు అల్యూమినియం డబ్బా. డైనమో చక్రానికి తగిలించి తొక్కితే బరువుగా ఉంటుందని పెద్దవాళ్ళ సైకిళ్ళకు మాత్రమే లైట్లు. ఒకరు ముందు, ఒకరు వెనక, నడుమ మేము.

*

సారుకు మిలాన్ సైకిల్ క్లబ్బు కథ ఎక్కడ దొరికిందో ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవారు. గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసే బావమరిది తెచ్చి ఇచ్చిన పాత ఇంగ్లీషు పత్రికల్లో అని నా అంచనా. ఇసుకలో కూర్చుని రొట్టెలు తినేటప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పేవారు. నేను తర్వాత చదివి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

1894 నవంబరు 8న ఇటలీలోని మిలాన్ నగరంలో 57 మంది సైకిల్ పిచ్చోళ్ళు ఒకచోట చేరి క్లబ్బు పెట్టుకున్నారు. వాళ్ళలో ఫెడెరికో జాన్సన్, లుయీజీ విట్టోరియో బెర్తారెల్లి ముఖ్యులు. మొదట పెట్టిన పేరు టూరింగ్ క్లబ్ చిక్లిస్టికో ఇటాలియానో. ఇటలీ ఒక దేశంగా ఏర్పడి అప్పటికి ఇంకా పట్టుమని నలభై ఏళ్ళు కూడా కాలేదు. ఉత్తరాన ఉన్నవాడికి దక్షిణాన ఏముందో తెలీదు. ఏ దారి ఎటు పోతుందో చెప్పే బోర్డు ఉండదు. వీళ్ళు సైకిళ్ళ మీద తిరిగి, తెలుసుకుని, దారి గుర్తులు పాతించారు. 1900లో పేరులోంచి సైకిల్ మాట తీసేసి టూరింగ్ క్లబ్ ఇటాలియానో అయ్యారు. అప్పటికి మోటారు కార్లూ రోడ్డెక్కుతున్నాయి, నడిచేవాళ్ళూ రైల్లో పోయేవాళ్ళూ కూడా చేరుతున్నారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే దేశమంతటికీ 1:250,000 స్కేలులో మ్యాపులు వేయించారు. 1914లో ఎర్ర అట్టతో గైడు పుస్తకాల వరుస మొదలుపెట్టారు. అది దశాబ్దాల పాటు సాగింది.

ముస్సోలినీ కాలంలో 'టూరింగ్ క్లబ్' అన్న మాటలు ఇంగ్లీషువని 1937లో వాళ్ళ చేత పేరు మార్పించారు. యుద్ధం అయ్యాక పాత పేరు తిరిగి పెట్టుకున్నారు. ఈ ముక్క చెప్పినప్పుడు సారుకు కోపం వచ్చేది. "దారి చూపించేవాడి పేరుతో వీళ్ళకేం పని?" అనేవారు.

అలాంటి క్లబ్బులు యూరప్‌లో చాలానే పుట్టాయి. ఇంగ్లండులో హారోగేట్ అనే ఊళ్ళో 1878లో స్టాన్లీ కాటరెల్ అనే యువకుడు మొదలుపెట్టిన బైసికిల్ టూరింగ్ క్లబ్బు ఇటలీ వాళ్ళకంటే ముందుది. 1883లో అది సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అయింది, ఇప్పుడు సైక్లింగ్ యూకే పేరుతో ఉంది. అదే 1883లో నెదర్లాండ్స్‌లో ఏఎన్‌డబ్ల్యూబీ అనే క్లబ్బు, 1896లో జెనీవాలో స్విట్జర్లాండ్ వాళ్ళ క్లబ్బు. ఈ రెండూ ఈనాడు కార్లవాళ్ళకు సాయం చేసే పెద్ద సంస్థలు. పెట్టినవాళ్ళు మాత్రం సైకిళ్ళవాళ్ళే.

సారును బాగా పట్టుకున్నది ఇంగ్లండు క్లబ్బు చేసిన ఒక పని. నిటారుగా దిగే కొండదారుల పైన 'ఈ దిగుడు ప్రమాదం' అని సైకిళ్ళవాళ్ళ కోసం వాళ్ళే బోర్డులు పెట్టించారు. అప్పటి సైకిళ్ళకు బ్రేకులు అంతంతమాత్రం. ముందు చక్రం దాదాపు మనిషెత్తు ఉన్న సైకిల్ మీద తెలియని దిగుడులో పోతే తలకిందులుగా పడటమే.

*

ఆ కథ విన్న కొన్నాళ్ళకు పాలిష్ ఫ్యాక్టరీ అన్న ఒక ఆదివారం నాలుగు నాపరాయి ముక్కలు క్యారియర్‌కు కట్టుకుని వచ్చాడు. కోతలో పక్కకు పోయిన ముక్కలు, ఫ్యాక్టరీ వెనక గుట్టలుగా పడి ఉండేవి. సారు వాటి మీద తెల్ల పెయింటుతో 'దిగుడు. జాగ్రత్త' అని రాశారు. మరో రాయి మీద బాణం గుర్తు వేసి 'నీళ్ళు' అని రాశారు. వాటిని గుంత తవ్వి పాతి, చుట్టూ గులకరాళ్ళు కూరాం.

తాడిపత్రి మనిషికి నాపరాయి అంటే ఇంటి అరుగు, బడి గచ్చు, చేను గట్టు. దాని మీద అక్షరం రాసి రోడ్డు పక్కన నిలబెట్టడం అప్పటికి మేమెవరమూ చూడలేదు. ఎద్దుల బండ్లవాళ్ళు ఆగి చదివించుకునేవాళ్ళు. ఒకాయన "మా ఊరి పేరు కూడా రాయి సామీ" అని అడిగితే, మరుసటి వారం ఆ ఊరికీ ఒక రాయి మోసుకుపోయాం. నెదర్లాండ్స్‌లో 1919 నుంచి సైకిల్ దారుల్లో పుట్టగొడుగు ఆకారంలో పొట్టి గుర్తులు పాతుతున్నారని చాలా ఏళ్ళకు చదివినప్పుడు నాకు ఆ రాళ్ళే గుర్తొచ్చాయి. నేల మీద వంగి చూసుకునే ఎత్తులోనే ఉంటాయవి కూడా.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా రాళ్ళన్నీ పోయాయి. ఒక్కటి మాత్రం ఒక ఇంటి ముందు బట్టలు ఉతికే బండగా పడి ఉండగా చూశానని భాయ్ కొడుకు చెప్పాడు. అక్షరాలు పైకే ఉన్నాయట.

*

బెలుం గుహలు మాకు అప్పట్లో గుహలు కావు, చేల మధ్య గుంతలు. తాడిపత్రి నుంచి ముప్పై కిలోమీటర్లుంటుంది. కొండ అంటూ ఏమీ ఉండదు. బల్లపరుపు నేల, అందులో బావుల్లాంటి మూడు గుంతలు, నడిమి గుంతలోంచి లోపలికి దారి. అప్పటికి టికెట్టు లేదు, గేటు లేదు. గుంతలో చెత్త, గబ్బిలాల కంపు. ఊరివాడొకడు లాంతరు పట్టుకుని ముందు దిగితే, సారు ఒకరి వెనక ఒకరిని దింపారు. లోపల గాలి ఆడక చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. కొంత దూరం పోయాక "ఇక చాలు, లాంతరు మంట చిన్నదవుతోంది" అని వెనక్కి మళ్ళించారు.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1884లోనే ఈ గుహల గురించి రాశాడని, ఆ తర్వాత దాదాపు వందేళ్ళు ఎవరూ పట్టించుకోలేదని సారు బయటికొచ్చాక చెప్పారు. 1982, 83లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ వాళ్ళు వచ్చి లోపలంతా కొలిచారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో టీ కొట్ల దగ్గర ఇదే మాట. "తెల్లోళ్ళు బిలంలోకి దిగినారంట, నిధి కోసమే" అని కొందరు. సారు మాత్రం క్లాసులో బోర్డు మీద గీతలు గీసి, గుహను ఎలా కొలుస్తారో ఒక పీరియడంతా చెప్పారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు తేలింది. మేఘాలయ గుహలను పక్కనపెడితే మన దేశంలో ఇంత పొడవైనది ఇంకోటి లేదు. 2002లో టూరిజం వాళ్ళు లైట్లు, గాలి గొట్టాలు పెట్టి జనాన్ని పంపడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఒకటిన్నర కిలోమీటరు దాకా చెప్పులేసుకుని హాయిగా నడవొచ్చు. నేల నుంచి 46 మీటర్ల లోతున పాతాళగంగ అనే నీటి పాయ దగ్గర నిలబడితే నీళ్ళు ఎటు పోతున్నాయో కనపడదు.

మిలాన్ క్లబ్బు బెర్తారెల్లి గురించి ఒక సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. సైకిల్ మీద దక్షిణ ఇటలీ అంతా తిరిగిన ఆ మనిషికి చివరి రోజుల్లో గుహల మీద మనసు పోయింది. యూజెనియో బొయెగాన్‌తో కలిసి రెండు వేల గుహల వివరాలతో ఒక పెద్ద పుస్తకం తయారుచేశాడు. 1926లో టూరింగ్ క్లబ్బే దాన్ని అచ్చు వేసింది. ఆయన పోయింది కూడా ఆ ఏడాదే. ఇది సారుకు ఫోన్‌లో చదివి వినిపించాను. అప్పటికే ఆయన మంచం మీద ఉన్నారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "బెలుం సంగతి ఆయనకు తెలిసుంటే వచ్చేవాడు రా" అన్నారు, తనకు తెలిసిన మనిషి గురించి అన్నట్టే.

*

అక్క సంగతి చెప్పకపోతే ఈ రాత పూర్తి కాదు. మా గుంపులో ఆడపిల్ల ఆమె ఒక్కతే. లంగా వోణీతో కుదరదని సల్వార్ కమీజ్ కుట్టించుకుంది. అప్పటికి మా ఊళ్ళో అది పెద్ద వార్త. ఒకసారి దారిలో ఒక హోటల్‌లో ఉగ్గాని, బజ్జీ తిందామని ఆగితే, యజమాని మమ్మల్ని లోపల కూర్చోబెట్టి "ఆ పాపకు వెనకాల వంటింట్లో పెడతాం సార్, ఇక్కడ మొగోళ్ళు కూర్చుంటారు" అన్నాడు. సారు గట్టిగా ఏమీ అనలేదు. లేచి నిలబడ్డారు. మేమూ లేచాం. అందరం బయట వేపచెట్టు కింద మా రొట్టెలు మేం తిన్నాం.

ఆ చెట్టు కిందే సారు ఇంకో ఇంగ్లండు కథ చెప్పారు. 1898లో లేడీ హార్బర్టన్ అనే ఆమె గౌను వదిలేసి, సైకిల్ తొక్కడానికి వీలుగా వదులు పంట్లాం వేసుకుని ఒక హోటల్‌కు వెళ్తే, భోజనాల గదిలోకి రానివ్వలేదు. సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్బు ఆమె తరఫున కోర్టుకెక్కింది. కేసు ఓడిపోయింది. "ఓడిపోయినా వాళ్ళు ఆమె పక్కన నిలబడినారు, అది చూడండి" అన్నారు సారు. అక్క అన్నీ వింటూ రొట్టె తింటోంది. ఆ మధ్యాహ్నం ఎదురుగాలిలో అందరికంటే ముందు తొక్కింది ఆమే. మా వైపు ఆషాఢం గాలి సంగతి తెలిసినవాళ్ళకు అదేమిటో అర్థమవుతుంది.

తర్వాత ఆమె కూడా టీచరే అయింది. స్కూటర్ కొనేదాకా సైకిల్ మీదే బడికి వెళ్ళింది.

*

గండికోట మా లెక్కలో పెద్ద యాత్ర. ముందురోజే బయలుదేరి, దారిలో ఎక్కడో పడుకుని, జమ్మలమడుగు నుంచి చివరి 15 కిలోమీటర్లు చీకట్లో తొక్కి, వెలుతురు వచ్చేసరికి లోయ అంచున ఉండాలి. ఎర్రమల కొండను కోసుకుంటూ పోయే పెన్నాను చూసి, "ఇదీ మన పెన్నాయేనా సార్?" అని మళ్ళీ అదే కుర్రాడు అడిగాడు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికి వచ్చాడని సారు చెప్పారు. అంత దూరం నుంచి వచ్చినవాడు దారి గురించి ఎంత జాగ్రత్తగా రాసుకున్నాడో చూడమన్నారు.

కొండాపురం వైపు వెళ్ళేటప్పుడు తాళ్ళప్రొద్దుటూరులో ఒక ఇంటి ముందు ఆగి మజ్జిగ తాగేవాళ్ళం. ఆ ఇంటి అమ్మ ఉప్పు, కరివేపాకు వేసి చెంబులకు చెంబులు పోసేది. డబ్బులిస్తే తిట్టేది. సారు పుస్తకంలో ఆ పేజీలో "మజ్జిగ. తల్లిలాంటి మనిషి" అని ఉంది. పుస్తకం మొత్తంలో మనసులో మాట రాసింది అక్కడొక్కచోటే. ఆ ఊరు గండికోట రిజర్వాయర్ నీళ్ళలో మునిగిపోయింది. ఆ ఇంటివాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కోవాలని ప్రయత్నిస్తూనే ఉన్నాను.

గుత్తి కోటకూ వెళ్ళాం. నిజాం ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్న సీడెడ్ జిల్లాల్లో ఊరూరా తిరిగి శిస్తులు నిర్ణయించిన ఇంగ్లీషు అధికారి థామస్ మన్రో 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోతే, ముందు గుత్తిలోనే పూడ్చారు. తర్వాత మద్రాసు తీసుకెళ్ళారు. కోట ఎక్కి దిగాక మా కాళ్ళు తొక్కడానికి రాలేదు. సైకిళ్ళను రైలెక్కించి వచ్చాం.

*

గుంపు ఎప్పుడు ఆగిపోయిందో చెప్పలేను. ఒకరికి ఉద్యోగం, ఒకరికి పెళ్ళి, ఒకరికి మోపెడ్. సారుకు వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ అయింది. భాయ్ అద్దె సైకిళ్ళు అమ్మేసి మోటారు సైకిళ్ళ పంక్చర్లు మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ చోట సెల్‌ఫోన్ల షాపు ఉంది.

పోయిన నెలంతా ఈ పుస్తకాన్ని టైపు చేస్తూ కూర్చున్నాను. ఒక ఆదివారం కొలిమిగుండ్ల దారిలో కారు వేసుకుని పోయి ఒక్కో గుర్తూ సరిచూసుకున్నాను. చింతచెట్టు ఉంది, బావి పూడ్చేశారు. గుడి వసారాకు గ్రిల్లు పెట్టారు. పంక్చర్ వేసే ముసలాయన మనవడు అదే రచ్చబండ దగ్గర టైర్ల షాపు నడుపుతున్నాడు. మా తాతకు బీడీ కట్టలిచ్చే సారు మీకు తెలుసా అని అతనే అడిగాడు. అనంతపురం నుంచి గేరు సైకిళ్ళ మీద వచ్చిన ఇంజనీరింగ్ పిల్లలు కొందరు అక్కడే గాలి కొట్టించుకుంటున్నారు. వాళ్ళ ఫోన్లలో దారి ఉంది. నీళ్ళెక్కడ దొరుకుతాయో లేదు. సారు పేజీల్లో ఇప్పటికీ పనికొచ్చేవి ఏరి వాళ్ళకు పంపించాను. పల్లేరుకాయల సంగతి మాత్రం నోటితోనే చెప్పాను.

గుత్తి దారి పేజీలను చెదలు తినేశాయి. పామిడి వైపు ఒకచోట, గుత్తికి ముందు ఒకచోట సారు రాసిన అక్షరాలు సగం సగమే కనిపిస్తున్నాయి. ఆ రోజుల్లో తాడిపత్రి నుంచి మాతో వచ్చినవాళ్ళు గానీ, ఆ దారి ఊళ్ళవాళ్ళు గానీ ఇది చదివితే, మేం ఆగి నీళ్ళు తాగిన చోట్లు ఏవో గుర్తు తెచ్చుకుని చెప్పండి. పేజీ నింపుతాను. పేరు కూడా రాస్తాను.